గృహశౌచం: దులిపితే పోని బూజు

శ్రీ సీతారామచంద్రస్వామివారి పాదపద్మాలకు ప్రణమిల్లి, భక్త మహాశయులతో ఈ మాసం ఒక గృహధర్మాన్ని గురించి ముచ్చటింపదలచాను. ఇందులో పురాణకథ లేదు, స్తోత్రవ్యాఖ్య లేదు. మన ఇంటి గోడలకు పట్టే తడిని గురించి, ఆ తడిలో పెరిగే బూజును గురించి, దానివలన చెడే గాలిని గురించి మాత్రమే ఉంది. ఆలయ పత్రికలో గోడల తడి ప్రస్తావన ఏమిటని ఎవరైనా అడుగవచ్చు. పతంజలి మహర్షి ఐదు నియమాలను చెబుతూ మొట్టమొదట శౌచాన్నే నిలిపాడు. స్నానం చేసి, మడి కట్టుకొని, గడపకు పసుపు రాసి, వాకిట ముగ్గు పెట్టుకుంటే బాహ్యశౌచం పూర్తయిందని మనం అనుకుంటాం. మానవుడు దినానికి 21,600 శ్వాసలు తీసుకుంటాడని, అదే అజపాజపమని మన పెద్దల లెక్క. అన్నిసార్లు లోపలికి పోయే ఆ గాలి శుచిగా ఉన్నదా అని ఎంతమందిమి చూచుకుంటున్నాం? నేనైతే చూచుకోలేదు. ఆ పొరపాటుకు ఫలితం అనుభవించాను. దానిని దాచకుండా చెప్పి, ఇతరులకు ఆ కష్టం రాకుండా చూడడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

గోదావరి ఒడ్డున సంసారం

మన భద్రాచలంలో వానకాలం వచ్చిందంటే అందరి నోట అడుగుల లెక్కే వినిపిస్తుంది. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో వచ్చిన వరద 75.6 అడుగులకు చేరింది. దానిని కళ్లారా చూచినవారు ఇప్పటికీ ఆ సంఖ్యను మరువలేదు. ఆ తరువాత పట్టణానికి కరకట్ట వచ్చింది. అయినా 2022 జూలై 16న నీరు మరల 71.3 అడుగులకు చేరింది. నది పొంగినప్పుడు కరకట్ట తూములు మూయవలసి వస్తుంది. అప్పుడు ఊరిలోని వాననీరు బయటికి పోవడానికి దారిలేక పల్లపు వీధుల్లో నిలిచిపోతుంది. ఖమ్మం వారికి కూడా ఈ బాధ కొత్తది కాదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఎన్ని ఇళ్లు మునిగాయో వారికి తెలుసు.

వరద వచ్చిన ఇంటికే తడి అని కూడా అనుకోరాదు. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు పల్లెల్లో ఆషాఢం నుండి భాద్రపదం దాకా ఆరవేసిన పంచె రెండు రోజులకైనా ఆరదు. వరద పత్రికలకెక్కుతుంది. అది తీసిన తరువాత గోడలో నెలల తరబడి నిలిచిపోయే తడిని గురించి ఎవరూ వ్రాయరు. ఊపిరికి హాని చేసేది ఆ రెండవదే.

మా ఇంట జరిగినది

2022 వరదలో మా ఇంటిలోనికి మోకాటి లోతు నీరు వచ్చింది. నీరు తీసిన తరువాత బురద ఎత్తి, కడిగి, పుణ్యాహవచనం చేసుకున్నాం. ఇక పన్నెండు రోజులలో శ్రావణమాసం. పూజగది గోడలు మరకలతో ఉండగా అమ్మవారిని ఎట్లా నిలుపుతామని నా తొందర. మేస్త్రిని పిలిపించి రంగు వేయమన్నాను. అతడు గోడపై అరచేయి ఆనించి చూచి, “పంతులుగారూ, గోడ ఇంకా ఆరలేదు. ఇప్పుడు రంగేస్తే తడికి మూత పెట్టినట్టే. పండగలయ్యాక చూద్దాం” అన్నాడు. నేను వినలేదు. పుట్టీ పెట్టించి, మెరిసే రంగు వేయించాను. శ్రావణ శుక్రవారాలు వైభవంగా జరిగాయి.

దసరా నాటికి రంగు బుడగలు లేచింది. ఇంటినిండా ముక్కవాసన. ఆ వాసన పోవడానికి ఉదయం, సాయంకాలం తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయసాగాను. మా ఇల్లాలు రెండుసార్లు హెచ్చరించింది. “ఏమండీ, పొగ ఆరగానే మళ్లీ అదే వాసన వస్తోంది. మనం వాసనను కప్పుతున్నాం గానీ పోగొట్టడం లేదు” అన్నది. ఆమె మాటనూ నేను పట్టించుకోలేదు. సెలవులకు వచ్చిన మా మనుమరాలు, ఏడేళ్ల పిల్ల, మూడవ రాత్రి లేచి కూర్చుని, “తాతయ్యా, ఊపిరి ఆడటం లేదు” అన్నది. ఛాతీలో పిల్లికూతలు వినవస్తున్నాయి. రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకొనిపోయాం. ఉబ్బసమని చెప్పి మందు ఇచ్చిన వైద్యుడు ఒకే ప్రశ్న అడిగాడు. “పంతులుగారూ, పాప పడుకునే గదిలో గోడలు చెమ్మగా ఉన్నాయా?”

ఆ ప్రశ్నతో నా కళ్లు తెరుచుకున్నాయి. నేను నలభై ఏళ్లపాటు విద్యార్థులకు అన్నంభట్టు తర్కసంగ్రహం పాఠం చెప్పినవాడిని. కొండపై పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని ఊహించడం అందులో అనుమానానికి ప్రసిద్ధమైన ఉదాహరణం. పొగను బట్టి నిప్పును ఊహించమని అందరికీ బోధించిన నేను, ముక్కవాసనను బట్టి గోడలోని తడిని ఊహించలేకపోయాను. పైపెచ్చు, హేతువును పొగతో కప్పివేసి సాధ్యం లేదని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఇంటికి వచ్చి, పిల్ల పడుకునే గదిలో గోడకు ఆనించి ఉన్న పుస్తకాల అల్మారాను నలుగురం కలిసి జరిపాం. వెనుక గోడ నిలువెల్లా నల్లని మచ్చలు. కింది అరలో మా గురువుగారు స్వహస్తంతో వ్రాసి నాకిచ్చిన తర్కపాఠపు నోటుపుస్తకం అట్టలతో సహా గట్టిగా అతుక్కుపోయి, ఆకుపచ్చని నూగుతో ఉన్నది. దాని సంగతి చివర చెబుతాను.

బూజు అంటే ఏది?

మన భాషలో బూజు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మూలల్లో వేలాడే సాలెగూడు ఒకటి. ఊరగాయపైన, రొట్టెపైన, గోడపైన నూగువలె పట్టేది రెండవది. ఈ రెండవది ప్రాణమున్న జీవి. శాస్త్రజ్ఞులు దీనిని శిలీంధ్రమంటారు. కంటికి కనిపించనంత సూక్ష్మమైన సిద్ధబీజాలను ఇది గాలిలోకి వదులుతుంది. అవి ఎక్కడైనా ఉంటాయి. శుభ్రమైన ఇంటిలోనూ ఉంటాయి. వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరితరమూ కాదు. అయితే అవి మొలకెత్తి పెరగడానికి నీరు కావాలి. ఆహారం దానికి ప్రతి ఇంటా సిద్ధంగా ఉంటుంది: కాగితం, చెక్క, బట్ట, జిగురు, గోడపై పేరుకొన్న దుమ్ము, వంటింటి నూనెజిడ్డు. వెచ్చదనం మన దేశంలో కావలసినంత. కనుక మన చేతిలో ఉన్నది ఒక్కటే, నీరు. తడిసిన వస్తువు 24 నుండి 48 గంటలలోగా ఆరితే బూజు సాధారణంగా పట్టదు. అంతకు మించితే దానికి అవకాశం ఇచ్చినట్టే.

పండుగకు ముందు మనం పొడి చీపురుతో బూజు దులుపుతాం. సాలెగూడుకు అది సరిపోతుంది. తడి గోడ బూజుకు అదే పని చేస్తే, లక్షల సిద్ధబీజాలను మన చేతులతోనే గదినిండా చల్లినవారమవుతాం. మొదటి బూజును దులపాలి. రెండవదానిని తడిపి తుడవాలి. ఒకే మాట కదా అని ఒకే చికిత్స చేయరాదు.

దీనివలన తుమ్ములు, కళ్ల దురద, ఆగని దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి అది ముదురుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని తడి, బూజులపై ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రకటించి, తడి ఇళ్లలో నివసించేవారికి శ్వాససంబంధమైన బాధలు ఎక్కువని తేల్చి చెప్పింది. 2021లో కరోనా సమయాన ‘బ్లాక్ ఫంగస్’ అనే మాట విని భయపడినవారు గోడపై నలుపు చూడగానే అదేనేమో అని కంగారు పడుతుంటారు. గోడమీది నల్ల బూజు, ఆ వ్యాధి ఒకటి కావు. రంగును బట్టి భయపడడమూ, తెల్లగా ఉన్నదని ఊరుకోవడమూ రెండూ సరికావు. ఏ రంగు బూజైనా తొలగించవలసినదే.

పెద్దలు ఏమన్నారు?

ఇదంతా నేటి కాలపు మాట అనుకోనక్కరలేదు. చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో ఒక విచారణ ఉంది. మనుష్యుల ప్రకృతులు వేరువేరు, ఆహారాలు వేరువేరు కదా, అందరికీ ఒకేసారి రోగం ఎట్లా వస్తుంది అన్నది ప్రశ్న. అందరికీ సమానమైన వాయువు, జలము, దేశము, కాలము అనే నాలుగూ చెడినప్పుడు వస్తుందని సమాధానం. చెడిన వాయువు లక్షణాలు చెబుతూ అక్కడ దుర్గంధాన్ని, ఆవిరిని, ధూళిని లెక్కించారు. వాటి సరసనే పొగనూ లెక్కించారు. తడివాసనను పొగతో పోగొడుతున్నామనుకొనే నావంటివారు ఈ చివరి మాటను గమనించాలి. రెండు దోషాలు కలిస్తే గుణం పుట్టదు.

ఇతర దేశాల ప్రాచీనులు కూడా దీనిని ఎరుగుదురు. యూదుల ధర్మగ్రంథమైన లేవీయకాండం 14వ అధ్యాయంలో, ఇంటి గోడలపై పచ్చని లేదా ఎర్రని మచ్చలు పడితే యజమాని అర్చకునికి తెలపాలని ఉంది. అర్చకుడు ముందుగా సామానులన్నీ బయట పెట్టించి, గోడను పరీక్షించి, ఇంటిని ఏడు దినాలు మూయించి, మరల వచ్చి చూడాలి. మచ్చలు వ్యాపిస్తే ఆ రాళ్లు తీయించి, గోడ గీయించి, కొత్త పూత పూయించాలి. అప్పటికీ పోకపోతే ఇల్లు కూల్చాలి. ఆ వరుసను గమనించండి. పరీక్ష, నిరీక్షణ, మూలాన్ని తొలగించడం, ఆ తరువాతనే కొత్త పూత. నేను చేసినది సరిగా దీనికి విపరీతం.

తడి వచ్చే నాలుగు దారులు

బూజును తుడిచే ముందు తడి ఏ దారిన వస్తున్నదో తెలుసుకోవాలి. దారి మూయకుండా తుడిస్తే వచ్చే నెలకు మరల తుడవవలసినదే.

మొదటిది పైనుండి. డాబా పగుళ్లు, ఆకులు అడ్డుపడి నీరు నిలిచే తూములు, పెంకుటిల్లయితే జారిన పెంకులు దీనికి కారణం. కప్పుకు, గోడ పైభాగానికి మరక పడుతుంది. వాన వచ్చినప్పుడల్లా ఆ మరక పెద్దదవుతుంది.

రెండవది కిందినుండి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టు, ఇటుక గోడ నేలలోని నీటిని పైకి లాగుతుంది. నేలనుండి సుమారు మూడడుగుల ఎత్తు వరకు రంగు బుడగలు లేస్తుంది, తెల్లని ఉప్పు పొంగుతుంది, పెచ్చులు ఊడుతాయి. పునాదిపై తడిని ఆపే పొర లేని ఇళ్లలో, గోడ పక్కన మట్టి ఎత్తు పెరిగిన ఇళ్లలో ఇది ఎక్కువ.

మూడవది పక్కనుండి. వానజల్లు కొట్టే గోడ పగుళ్లు, కిటికీ అంచులు, గోడలో దాగిన నీటిగొట్టాలు, స్నానాలగది అవతలి గోడ దీనికి స్థానాలు. వానలేని రోజుల్లోనూ మచ్చ ఆరకపోతే గొట్టాన్ని అనుమానించాలి.

నాల్గవది లోపలినుండి. దీనిని ఎవరూ లెక్కపెట్టరు. నలుగురున్న ఇంటిలో ఊపిరి, వంట, స్నానాలు, ఇంటిలో ఆరవేసిన బట్టలు కలిసి దినానికి 10 లీటర్ల వరకు నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతాయి. ఆ ఆవిరి చల్లని గోడపై, గాలి ఆడని అల్మారా వెనుక చెమటవలె పడుతుంది. వేసవిలో తలుపులన్నీ బిగించి కూలర్ నడిపే ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. కూలర్ పెట్టినప్పుడు ఎదుటి కిటికీ తెరచి ఉండాలి.

కిందినుండో పక్కనుండో వచ్చే తడికి, లోపలి ఆవిరికి తేడా తెలియకపోతే ఒక సులభ పరీక్ష ఉంది. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటిబిందువులు కనిపిస్తే తడి గోడలోనే ఉంది. గదివైపు కనిపిస్తే అది గదిగాలిలోని ఆవిరి.

తొలగించే క్రమం

మొదట నీటి దారిని మూయించాలి. తూములు శుభ్రం చేయించడం, పగుళ్లు పూడ్పించడం, గోడ పక్కన పేరుకొన్న మట్టిని తీసివేసి నీరు ఇంటికి దూరంగా పోయేటట్టు వాలు పెట్టించడం, ఇవన్నీ రంగు ఖర్చుకంటే తక్కువలోనే అవుతాయి.

రెండవది ఆరబెట్టడం. వరదలో మునిగిన ఇటుక గోడ పైకి పొడిగా కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. ఉప్పు పొంగిన పూతను, ఆ గీతకు పైన మరొక అడుగు వరకు గీయించి, ఇటుకను గాలికి వదలాలి. అది చూడడానికి బాగుండదు. అతిథులు ఏమనుకుంటారో అనిపిస్తుంది. అయినా ఓర్చుకోవాలి.

మూడవది తుడవడం. ఉబ్బసం ఉన్నవారు, పిల్లలు, గర్భిణులు, నావంటి వృద్ధులు ఈ పని చేయరాదు, ఆ సమయంలో ఆ గదిలో ఉండరాదు. చేసేవారు ఎన్-95 మాస్కు, చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఇంటిలోపలి తలుపు మూసి, బయటి కిటికీ తెరవాలి. ఫ్యాను ఆపాలి. బట్టలసబ్బు పొడి కలిపిన నీటితో మచ్చను ముందుగా తడిపి, తరువాత రుద్ది, గుడ్డతో తుడవాలి. తుడిచిన గుడ్డలను సంచిలో మూటకట్టి పారవేయాలి. పని పూర్తయ్యాక ఫ్యాను వేసి పూర్తిగా ఆరబెట్టాలి. మచ్చలు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ప్రదేశాన్ని మించితే పనివారి సాయం తీసుకోవడం మేలు.

చాలామంది బ్లీచింగ్ పౌడరు చల్లి ఊరుకుంటారు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ కలిగిస్తుంది. కనుక దానిని చంపితే చాలదు, తుడిచి తీసివేయాలి. వరద తరువాత క్రిమినాశనం కోసం బ్లీచింగ్ వాడవలసివస్తే కిటికీలు తెరచి వాడండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో దానిని ఎన్నడూ కలపరాదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది, ప్రాణాలకే ముప్పు.

నాల్గవది పూత. గోడ నిజంగా ఆరిందని ప్లాస్టిక్ కాగితపు పరీక్షతో తేల్చుకున్న తరువాతనే పూత వేయాలి. మన తాతల నాటి సున్నమే ఇట్టి గోడకు ఉత్తమం. సున్నానికి క్షారగుణం ఎక్కువ కనుక దానిపై బూజు సులభంగా మొలవదు. గోడలో మిగిలిన కొద్దిపాటి తడిని కూడా అది బయటికి పోనిస్తుంది. మెరిసే ప్లాస్టిక్ రంగు పోనివ్వదు. ఏటేటా పండుగకు వెల్ల వేయించే ఆచారంలో అందం ఒక్కటే కాదు, ఆరోగ్యమూ ఉంది.

అడవి పల్లెల్లో కోయ సోదరుల ఇళ్లను చూడండి. వెదురు తడికపై మట్టి మెత్తిన గోడ, ఎత్తు అరుగు, గోడకు వాన తగలనీయకుండా కిందికి దిగిన చూరు. తడి వచ్చినా నిలువదు, పోయే దారి ఉంటుంది. మనం సిమెంటు ఇల్లు కట్టి చూరు తీసివేశాం, అరుగు తగ్గించాం, కిటికీలు బిగించాం. తడి లోపలికి వస్తే వెళ్లే దారి లేకుండా చేశాం.

నిత్యం చేయవలసినవి

వాన వెలిసి ఎండ కాసిన వెంటనే ఎదురెదురు కిటికీలు అరగంటైనా తెరవండి. జోరుగా వాన కురిసే వేళ తెరిస్తే తడిగాలి లోపలికి వస్తుంది కనుక అప్పుడు మూసి, ఫ్యాను వేసుకోండి. వంట, స్నానం జరిగేటప్పుడు పొగగూటి ఫ్యాను నడపండి, లేకుంటే ఆ గది కిటికీ తెరిచి లోపలి తలుపు మూయండి. బీరువాలు, అల్మారాలు, మంచాలు గోడకు జానెడు దూరంలో ఉంచండి. తడిబట్టలు పడకగదిలో ఆరవేయకండి. పరుపులు, బొంతలు ఎండ దొరికిన ప్రతిసారీ ఎండబెట్టండి. వరదనీటిలో నానిన దూదిపరుపును మాత్రం ఎంత ఎండబెట్టినా మరల వాడరాదు. గాలిలో తేమను చూపే చిన్న మీటరు బజారులో దొరుకుతుంది. అది 60 శాతానికి లోపు ఉంటే మంచిది. మన ప్రాంతపు వానకాలంలో ఎల్లవేళలా అది సాధ్యం కాదు. అందుకే గాలి ఒకచోట నిలువకుండా ఆడనివ్వడం ముఖ్యం.

అద్దె ఇళ్లలో ఉండేవారు గోడలు గీయించలేరు. వారైనా పిల్లల పడకను తడి గోడకు దూరంగా, ఇంటిలో అన్నింటికంటే పొడిగా ఉన్న గదిలో వేయవచ్చు. ఇంటి యజమానులైన భక్తులకు నా మనవి. తడి గదిని రంగు వేసి అద్దెకివ్వడం, ముక్కిన బియ్యాన్ని మేలిరకమని అమ్మడం వంటిదే.

పూజగది సంగతి

ఈ భాగం వ్రాయడానికి నేను సంకోచించాను. అయినా చెప్పక తప్పదు. మన పూజగదులు చాలావరకు ఇంటి నడుమ, కిటికీ లేకుండా ఉంటాయి. అభిషేకజలం, తడిపూలు, నిన్నటి మాలలు, పీటకింద చేరిన నీరు, వీటన్నిటితో అక్కడ తడి నిత్యం ఉంటుంది. నిర్మాల్యాన్ని ఏ రోజుది ఆ రోజే తీసివేయాలి. పటాలను ఏడాదికి రెండుసార్లైనా దించి వెనుకభాగాన్ని చూడాలి. దేవుని పటం వెనుక బూజు ఉంటే అది మన శ్రద్ధలోని లోపమే.

ధూపం షోడశోపచారాలలో ఒకటి. దానిని నేను తక్కువచేయడం లేదు. అయితే అది స్వామికి చేసే ఉపచారమే గాని గోడకు చేసే చికిత్స కాదు. సాంబ్రాణి పొగలో బూజును తొలగించే శక్తి లేదు. మూసిన గదిలో ఆ పొగలోని సూక్ష్మమైన ధూళి ఊపిరితిత్తులకు చేరుతుంది. ధూపం వేసేటప్పుడు కిటికీ, తలుపు తెరచి, కొద్దిగా వేసి, పొగ బయటికి పోయేదాకా ఉంచండి. ఇంటిలో ఉబ్బసం ఉన్నవారుంటే ఏమి చేయాలి? అమరని ఉపచారానికి బదులుగా అక్షతలు సమర్పించే పద్ధతి మన పూజావిధానంలోనే ఉన్నది. మా మనుమరాలు ఇంట ఉన్నన్నాళ్లు నేను ధూపానికి బదులు అక్షతలే సమర్పిస్తున్నాను. పసిపిల్ల ఊపిరిని బాధించే పొగను స్వామి కోరడని నా విశ్వాసం.

పుస్తకాల విషయం

తాళపత్ర గ్రంథాల చివర నాటి లేఖకులు, ఈ గ్రంథాన్ని నీటినుండి, నూనెనుండి, సడలిన కట్టునుండి కాపాడమని చదువరులను వేడుకొనేవారు. మొక్కుబడిగా వ్రాసిన మాట కాదది, అనుభవంతో వ్రాసినది. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె పూసి, పొడి గుడ్డలో కట్టి, అప్పుడప్పుడు గాలికి విప్పి పెట్టేవారు. మన పుస్తకాలకు కూడా ఆ మర్యాద అవసరం. తడిసిన పుస్తకాన్ని బలవంతంగా విప్పరాదు. విడివడిన పుటల నడుమ తెల్లకాగితాలు పెట్టి, వాటిని మార్చుతూ, నీడలో ఫ్యానుగాలికి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరిన తరువాత ఆరుబయట, మాస్కు పెట్టుకొని, మెత్తని కుంచెతో నూగును తీయాలి.

మా గురువుగారి నోటుపుస్తకానికి అదంతా చేశాను. నెలరోజులు పట్టింది. 112 పుటలలో 31 మాత్రం చదవడానికి దక్కాయి. మిగిలినవి నేను మూత పెట్టిన తడికి ఆహుతి అయ్యాయి. దక్కిన వాటిలో అనుమానఖండం మొదటి భాగం ఉన్నది. దానిని శుభ్రంగా తిరిగి వ్రాసి, ఫోటోలు తీయించి, ఇద్దరు శిష్యులకు ఇచ్చాను. మేస్త్రి మరల వచ్చి పూత గీశాడు. ఈసారి ఆరు నెలలు ఆగి, సున్నం వేశాడు. ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. పిల్ల పడక మేడమీది గదికి మారింది. వైద్యుడిచ్చిన మందు వాడుతూనే ఉంది. అయితే మా ఇంటికి వచ్చినప్పుడు అర్ధరాత్రి లేచి కూర్చోవడం లేదు.

రోహిణి ఎండలు వెళ్లి మృగశిర కార్తె ప్రవేశించింది. వానలు ముదరడానికి కొద్ది రోజులే వ్యవధి. ఈ పత్రిక చదివిన ప్రతి గృహస్థు ఈ వారంలోనే ఒక్క పని చేయాలని ప్రార్థన. ఇంటిలో అన్నింటికంటే బరువైన బీరువాను గోడనుండి జానెడు జరిపి, వెనుక గోడపై అరచేయి ఆనించి చూడండి. ఒకసారి వాసన చూడండి. చల్లగా, చెమ్మగా తగిలినా, ముక్కవాసన వచ్చినా అక్కడ తడి ఉన్నట్టే. దానిని కప్పకండి, దాని దారి వెదకండి. మీ ఇంటిల్లిపాది ఊపిరికి శ్రీరామరక్ష.

స్వస్తి.